చివరింటి పెరడు

చీపురుపల్లి స్టేషను వెనక వీధిలో మురుగు కాలవ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా సగంలో మురుగు తన ఇష్టమొచ్చినట్టు తిరిగేది. వానాకాలం వాకిళ్లలోనే దాని మకాం.

అరవై ఎనిమిదిలో పంచాయతీకి దయ కలిగింది. సగం ఖర్చు మాది, మిగతా సగం వీధివాళ్లు పంచుకోండి అంది. అయితే శనివారంలోగా అన్ని ఇళ్లూ ఒప్పుకోవాలి. లేకపోతే సిమెంటు పక్క వీధికి పోతుంది.

ఒప్పించే పని కొత్త ఓవర్సీరు నారాయణమూర్తి నెత్తిన పడింది. గోదావరి జిల్లా కుర్రాడు. చేరి నెల కాలేదు. మొదటి పనే బురదలో కలిస్తే ఆఫీసులో తలెత్తుకోలేడు.

అతనికి అండ నరసింగరావు ఒక్కడే. ఇస్త్రీ లాల్చీ, మంచి గొంతు. ఎప్పుడు చూసినా వీధి మొదట్లో టీ బడ్డీ బల్ల మీదే ఉంటాడు. "అందరూ ఒప్పుకుంటారు, నాదీ పూచీ" అని పంచాయతీ మీటింగులో బల్ల గుద్ది చెప్పింది ఆయనే.

వీధి అంత తేలిగ్గా లొంగలేదు. మా నీళ్లు ఎలాగూ పల్లానికి పోతాయి, మేమెందుకివ్వాలన్నారు మొదటింటివాళ్లు. తాను వారానికోసారే తలంటుకుంటాను కాబట్టి సగం వంతే ఇస్తానంది దాలమ్మ. నరసింగరావు ఒకర్ని బుజ్జగించాడు, ఒకర్ని కసిరాడు. మొత్తానికి అందర్నీ దారికి తెచ్చాడు.

మిగిలింది చివరిల్లు. కాలవ ఆ ఇంటి పెరట్లోంచే వెళ్లి వెనకున్న గెడ్డవాగులో కలవాలి. ఇల్లూ పెరడూ జగ్గమ్మవి, ఆమెకి తండ్రి ఇచ్చినవి. ఆవిడ ఓవర్సీర్ని ఇప్పటికే రెండుసార్లు గుమ్మంలోంచి తరిమింది.

"పోనీ, ఆవిడ భర్తతో మాట్లాడదామా?" అన్నాడు నారాయణమూర్తి.

నరసింగరావు టీ గ్లాసు కింద పెట్టాడు. "లాభం నేదు బాబూ. ఆ ఇంట్లో ఆయన మాట సెల్లదు. నాకు బాగా తెలుసు."

"అంత చేతకానివాడా?"

"అంతే బాబూ."

పక్కనే టీ తాగుతున్న అప్పలసూరికి పొలమారింది.

శనివారం మధ్యాహ్నం వీధంతా జగ్గమ్మ వాకిట్లో చేరింది. నరసింగరావు మాత్రం అందరికంటే వెనక, దాలమ్మ చాటున నిలబడ్డాడు. అవసరానికి ఆ గొంతు ఎక్కడికి పోయిందోనని నారాయణమూర్తికి ఒళ్లు మండింది.

జగ్గమ్మ గేదెల పాక లోంచి పేడ చేతులతోనే వచ్చింది. నుదుటిన రూపాయి కాసంత బొట్టు.

"మీ ఇంటాయన్ని పిలవండమ్మా, మాట్లాడతాం" అన్నాడు నారాయణమూర్తి.

"ఆయనున్నా ఒకటే, నేకపోయినా ఒకటే. నాతో సెప్పు."

"ఇవాళే ఆఖరి రోజు. మీ ఒక్కరి వల్ల వీధంతా బురదలో ఉండాలా?"

"కాలవొద్దని నానన్నానేటి? నా పెరట్లోంచి ఎలుతాదని ఊరంతటికీ తెలుసు. నాకొక్కదానికే ఆకర్న తెలిసినాది. మీటింగులో మాటిచ్చీసిన పెద్దమనిసి నన్నొక్క ముక్క అడిగినాడేటి?"

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. దాలమ్మ పక్కకి తప్పుకుంది.

నరసింగరావు ముందుకొచ్చాడు. కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. నారాయణమూర్తికి ఆయన్ని చూస్తే మొదటిసారి జాలేసింది.

"తప్పైపోనాది. నీ పెరట్లోంచి కాలవ పోనిస్తావా?"

ఈ ప్రాంతంలో ఎవరు ఎవర్నైనా నువ్వనేస్తారు. ఓవర్సీరుకి అప్పటికే అది అలవాటైపోయింది.

జగ్గమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "బొప్పాయి సెట్టు ముట్టుకోకూడదు."

"ముట్టుకోం."

"నా వంతు సాయంత్రం పట్టుకెల్లండి" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు. నారాయణమూర్తి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఉద్యోగం నిలబడింది.

"గండం గడిచింది నరసింగరావుగారూ. మీరూ ఇంటికెళ్లి భోంచేయండి. ఈవిడతో కాపరం చేస్తున్నవాడెవడో గానీ, వాడికి దణ్ణం పెట్టాలి."

"పెట్టాల్సిందే బాబూ" అని నరసింగరావు జగ్గమ్మ గుమ్మం ముందే చెప్పులు విడిచి, అక్కడున్న గోలెంలో నీళ్లు ముంచి కాళ్లు కడుక్కుని, "ఏటి వొండినావే?" అంటూ లోపలికి వెళ్లిపోయాడు.