నాగూర్ వలి దగ్గు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. చేయి నిదానం, అందుకే చిన్న సంగతే రాస్తున్నాను.

"మా ఆయన దగ్గు తీసేయండి బాబూ," అంది సయీదా, గుమ్మం బయట చెప్పులు విడుస్తూనే.

శ్రీకర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. దగ్గు విని క్షయ ఉందో లేదో చెప్పే యాప్ అతనిది. నరసరావుపేటలో రెండు గదుల ఆఫీసు. ఎల్లుండి ఢిల్లీలో మన ప్రభుత్వం ఆ యాప్‌ని సముద్రం అవతలి ఓ చిన్న దేశానికి స్నేహకానుకగా ఇస్తోంది.

"ఎవరి దగ్గమ్మా?"

"నాగూర్ వలిది. మూడేళ్ళ కింద మీవాళ్ళు చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లోళ్ళ ఇళ్ళకొచ్చి ఫోన్లో దగ్గించుకుపోయారుగా. ఎల్లుండి సంగతి పేపర్లో కూడబలుక్కుని చదివా."

పక్క కంప్యూటర్ దగ్గర పనిచేసే అమ్మాయి భవ్య ఆ దగ్గుని వెతికి పట్టుకుంది. "సార్, సభలో మనం ముందుగా వినిపించేది ఈయన దగ్గే!"

"అది తీస్తే ఎట్టా అమ్మా?" అన్నాడు శ్రీకర్. "పత్తి దుమ్ముకి వచ్చే దగ్గు వేరు, జబ్బు దగ్గు వేరు. ఆ తేడా మా మిషను ఈయన్ని వినే నేర్చుకుంది. ఆ దేశంలోనూ అన్నీ పత్తి మిల్లులే. దేశం పరువు! కావాలంటే ఆయన్నే అడగండి, తీసేయమంటారేమో."

"ఆయన పోయి రెండేళ్ళయింది."

శ్రీకర్ గొంతు తగ్గింది. "పోయినాయన గొంతు పరాయి దేశంలో మోగడం మీకు కష్టమే. కానీ ఎంత గౌరవమో చూడండి."

"ఒక్కసారి వినిపించు తల్లీ," అంది సయీదా భవ్యతో.

ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు. చివర్లో ఆయాసపడుతూ ఓ మాట. "చాలా బాబూ, ఇంకా దగ్గమంటారా?"

సయీదా స్పీకరు మీద చేయి వేసింది, వీపు నిమిరినట్టు.

"మీ ఫోన్లో కూడా వేసిస్తాం," అన్నాడు శ్రీకర్. " రోజూ వినుకోవచ్చు."

"నాకు రోజూ వినపడతానే ఉందిలే."

కొంగుముడి విప్పి ఆసుపత్రి చీటీ చేతికిచ్చింది. తెమడ పరీక్ష. క్షయ ఉంది. ఫోన్లో దగ్గించుకున్న రోజుకి పది రోజుల ముందు తేదీ.

శ్రీకర్ చీటీని కంప్యూటర్ పక్కన పెట్టి చూశాడు. "మా కాగితంలో జబ్బు లేదని ఉందే!"

"మీ మిషను ఆ రాతని నమ్మి, ఆ దేశంలో ఎవరి మొగుడికి ఏం లేదని చెప్తదో బాబూ. మిల్లులో పని తీసేస్తారని చానా భయపడ్డాం. జబ్బుందా అని మీవాళ్ళు అడిగినప్పుడు, ఆయన దగ్గుతో మాట రాక నా మొహం చూస్తుంటే, ఏ జబ్బూ లేదని రాయించింది నేనే."

— షేక్ సయీదా, యాభై తొమ్మిదేళ్ళు. ఇప్పుడుండేది సత్తెనపల్లి.