ఎర్ర చుక్క కప్పు

బైండరుకి హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజే ప్రెస్సు ఓనరు, టీ పెట్టే పిన్నిని గదిలోకి పిలిచాడు.

"వాడి కప్పు అడుగున ఎర్ర ఇంకుతో చుక్క పెట్టు. ఆ కప్పు ఇంకెవరికీ ఇవ్వకు."

"అలాగే బాబూ" అంది పిన్ని. చెప్పిన పని చెయ్యకుండా ఉండదావిడ. కాస్త ఎక్కువే చేస్తుంది.

మూడు నెలల తర్వాత ఓనరు టీ తాగి, కప్పు సింకులో పెట్టబోతూ, పక్కన బోర్లించిన కప్పులు చూసి కొయ్యబారిపోయాడు. అన్నిటికీ ఎర్ర చుక్కలే. చేతిలోది తిప్పి చూశాడు. దానికీ ఉంది.

"ఇందులో వాడిదేది?"

"ఏమో బాబూ! ఒక్కదానికే పెడితే మనిషి చిన్నబుచ్చుకుంటాడని అన్నిటికీ పెట్టేశాను."

"ఎప్పుడు?"

"మీరు చెప్పిన రోజే."

ఓనరు ఎవరి చెప్పులో తొడుక్కుని రక్తపరీక్షకి పరిగెత్తాడు. మర్నాడు రిపోర్టు ఊపుకుంటూ వచ్చాడు.

"నాకేం లేదు! ఎంగిలి కప్పుతో అది రాదట. ఇన్నేళ్లొచ్చాయి, ఆమాత్రం తెలీదా అని డాక్టరమ్మ నాకే చీవాట్లు పెట్టింది. నీకు ముందే తెలుసా?"

"తెలుసు బాబూ."

"బైండరు చెప్పాడా?"

"అతనికీ నేనే చెప్పాను."

పిన్ని టీ గదిలోకి వెళ్లి, తన సంచిలోని సీసా తీసి, ఆ రోజు మాత్ర వేసుకుంది. బైండరు మూడు నెలల కిందట మొదలుపెట్టిన మాత్రే అది. ఆవిడ ఎనిమిదేళ్లుగా వేసుకుంటోంది.

తర్వాత ఎప్పట్లాగే ఓనరుకి టీ కలిపింది.