పట్టీకి కట్టిన దారం

మిలిటరీ అకాడమీలో దోహున్‌కి అది మూడో నెల. రాత్రి కాపలాలో ఒకసారి కునుకు తీసి దొరికిపోయాడు. మళ్లీ దొరికితే పెట్టె సర్దుకోవడమే.

ఆ రాత్రీ కళ్లు మూతపడ్డాయి. ఎవరో భుజం తట్టారు. "లే తమ్ముడూ, కెప్టెన్ గారు వస్తున్నారు." జారిపోయిన కాపలా చేతిపట్టీని చల్లటి వేళ్లు పైకి లాగి సరిచేశాయి. దోహున్ నిటారుగా నిలబడేసరికి కెప్టెన్ మెట్లెక్కి వచ్చి, టార్చి వేసి చూసి, తలూపి వెళ్లిపోయాడు.

రెండింటికి తర్వాతి కాపలాకి సీనియర్ మన్‌సోక్‌ని లేపి, "ఇందాక నువ్వు లేపకపోతే నా పని అయిపోయేదన్నా" అన్నాడు.

"నేనా? నువ్వు లేపితేనే కదరా లేచాను! నిలబడి కలలు కూడా కంటున్నావా?" తను కట్టుకోవడానికి దోహున్ చేతి పట్టీని ఆవలిస్తూ విప్పబోయిన మన్‌సోక్ ఆగిపోయాడు. "పిన్ను ఏదిరా? ఈ దారం ఎక్కడిది? ఇలాంటి ముడి కింద హాల్లో పాత బ్యాచీల ఫొటోల్లోనే చూశాను."

దోహున్ ఆ ముడిని వేలితో తడిమాడు. భయపడాలా, మొక్కాలా?

మన్‌సోక్ వరండా అటు చివరికి వెళ్లాక, కాపలాకిచ్చిన చోకోపై బిస్కెట్టుని రెండు చేతులతో కిటికీ గట్టు మీద పెట్టి, నడుము వంచాడు. "నన్ను ఇక్కడ ఉంచావు. మేలు మరిచిపోను అన్నా."

నాలుగడుగులు వేశాడో లేదో, వెనక రేపరు మెల్లగా చిరిగిన చప్పుడయింది.

దోహున్ తిరిగి చూడలేదు. తిననిద్దామని, బూట్ల చప్పుడు కాకుండా నడిచాడు.