పొద్దుటి చుక్క

“నిజం చెప్పు బాబాయ్, చాటుగా ఏం తింటున్నావు?”

నర్సు నోటుబుక్కును దర్జీ ముందు, కత్తిరించిన గుడ్డముక్కల మీద పెట్టింది. నెల క్రితం ఆసుపత్రిలో అతనికి షుగరు బయటపడినప్పుడు, రక్తం చూసుకునే మిషను చేతికిచ్చి, రోజూ పరగడుపున వేలు గుచ్చి అంకె రాయమన్నది ఆమే. అతను ఒక్క రోజూ తప్పలేదు. అంకె కూడా ఒక్క రోజూ మూడు వందలకు దిగలేదు.

“ఏది వస్తే అదే రాయమన్నావు, రాశాను. తీపి ముట్టడం లేదమ్మా. రోజూ గంట నడుస్తున్నాను. నా ప్యాంట్లు నేనే రెండుసార్లు బిగించుకున్నాను.”

“ఒట్టు, నిజమే,” అంది అతని భార్య, చెంబెడు నీళ్లు గటగటా తాగి. “పారేయలేక ఆయన వాటా తీపి కూడా నేనే తింటున్నాను. ఇన్నేళ్లలో ఆసుపత్రి గడప తొక్కానా? ఏదైనా అరిగిపోయే ఒళ్లు నాది.”

నర్సు నవ్వలేదు.

“ఇలాగే ఉంటే కళ్లు పోతాయి బాబాయ్. అప్పుడు సూదిలో దారం ఎవరెక్కిస్తారు? రేపు డాక్టరు గారు ఇన్సులిన్ మొదలుపెడతారు. రోజూ పొట్టకు ఇంజెక్షన్.”

దర్జీ ముఖం పాలిపోయింది.

“పగలంతా సూదితోనే బతుకు, ఒంటికి సూదంటే మాత్రం ఆమడ దూరం,” అని భార్య దెప్పింది.

“ఆ మిషనే పాడైందమ్మా,” అన్నాడతను. “మంచిదైతే ఆ అంకెలు రానే రావు.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట,” అంది భార్య.

నర్సు తన వేలే గుచ్చుకుంది. తొంభై నాలుగు.

“చూశావా, మిషను బంగారంలా ఉంది. ఏదీ, నీ వేలు ఇటివ్వు.”

అతను కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. నూట పద్దెనిమిది.

ఆమె నమ్మలేదు. రెండో చేతి వేలు గుచ్చింది. నూట ఇరవై.

“మరి ఇవాళ పొద్దున నాలుగు వందల పది అని రాశావేం?” ఆమె గొంతు తగ్గింది.

దర్జీ మిషను వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు.

“భయమేసి, రోజూ నిద్రలో ఉన్న మీ పిన్ని వేలే గుచ్చానమ్మా.”