ఐదో జుమాగీ

"ఏంది మామూ, గింతేనా?"

మామగారి కుడిచేతిని బల్లకు ఆనించి ఫర్దీన్ కాలర్ ఎగరేశాడు. పక్కనే నిలబడి లెక్కపెడుతున్న బావమరిది సాద్‌కు 'మూడు' అనే అవసరమే రాలేదు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. బిర్యానీ పళ్లెంతో వస్తున్న అత్తగారు హఫీజా గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఫర్దీన్, యుమ్నాల పెళ్లై వారమైంది. పెళ్లయ్యాక ఐదు శుక్రవారాలు కొత్త జంటను పిలిచి దావత్ ఇవ్వడం వాళ్లలో ఆనవాయితీ. జుమాగీ అంటారు. మొదటి జుమాగీకి కరీంనగర్ నుంచి మందమర్రి వచ్చిన అల్లుడు, అన్నం ముట్టకముందే, ఎవరి చేతిని ఎవరు వంచుతారో తేల్చే పంజాకు మామతో కూర్చున్నాడు.

"దుల్హాభాయ్, పెద్దమనిషితోని పంజా ఏంది?" సాద్ మొహం ఎర్రబడింది.

"పెద్దమనిషా? కుస్తీల వెండి కడియం గెలిచిన పహిల్వాన్ అని చెప్పిండ్రు కదా నాకు!" గోడకు వేలాడుతున్న కడియాన్ని చూపించాడు ఫర్దీన్. "మామూ, ఇగ షరతు. ఐదు జుమాగీలు నేనే గెలిస్తే గా కడియం నాది. కరీంనగర్ పట్కపోత."

మామ ఫజలుద్దీన్ చాలా రోజులుగా ఎవరితోనూ మాట కలపడం లేదు. ఆ పూట మాత్రం అల్లుణ్ని కొరకొరా చూశాడు.

"వచ్చే జుమ్మాకు రా మియా. చూస్త."

తిరుగు బస్సులో ఫర్దీన్ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. "మీ అమ్మీ చూసిన చూపుకు ఒక్క ముద్ద దిగలే నాకు."

"ఇంక జర గట్టిగ అనాల్సింది" అంది యుమ్నా, గోరింట చేతిని అతని చేతిలో పెడుతూ. ఆ గోరింట వాసనకు గోదావరి వంతెన దాటేదాకా అతనికి ఇంకేమీ గుర్తు రాలేదు.

రెండో జుమాగీలోనూ ఫర్దీనే గెలిచాడు. ఫజలుద్దీన్ ఉండబట్టలేక కూతుర్ని పిలిచాడు.

"బేటీ, నీ మొగని నోరు మూయించే ఉపాయం ఏమన్న ఉన్నదా?"

యుమ్నా ఫిజియోథెరపీ చదివింది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చటుక్కున లేచింది.

"ఉన్నది అబ్బా. తాళం!"

వంటింట్లో హఫీజా చిన్న రోట్లో వెల్లుల్లి దంచుతోంది. టక్. టక్. టక్. యుమ్నా తండ్రి చేతికి నీళ్ల సీసా ఇచ్చింది.

"అమ్మీ మూడు దెబ్బలేసేలోపు పైకి లేపాలె. ఒక దెబ్బ ఆపాలె. నాలుగు దెబ్బలకు మెల్లగ దించాలె. ఒక్క దెబ్బ గూడ తప్పొద్దు."

"గీ దంచుడుకా నాలుగున్నరేండ్లు చదివినవ్?"

"కండ తర్వాత పెరుగుతది అబ్బా. ముందుగాల నరాలు మేలుకోవాలె. తాళం మీద చెవి పెట్టి లేపితే, ఎప్పుడు పట్టాలె, ఎప్పుడు ఇడువాలె అని మెదడుకు సోయి వస్తది. చెయ్యికి దాని హుకుం సక్కగ అందుతది."

మూడో జుమాగీకి వెళ్లేసరికి ఇల్లంతా వెల్లుల్లి ఘాటు.

"పొద్దుగాల దంచుడే, మాపటికి దంచుడే" హఫీజా వాపోయింది. "మీ ఇంట్ల రోజూ దావతేనా అని పక్కింటి సత్తమ్మ అడుగుతుంది. ఏం జెప్పాలె?"

ఆ రోజు సాద్ పది దాకా లెక్కపెట్టాల్సి వచ్చింది. గెలుపు ఫర్దీన్‌దే అయినా సాద్‌కు అనుమానం వచ్చి టేపు తెచ్చి తండ్రి దండచెయ్యి కొలిచాడు.

"అప్పుడెంతనో ఇప్పుడూ అంతే! దారం మందం గూడ పెరగలే. మరి గీ జోరు యాడికెల్లి వచ్చింది?"

"రోట్లకెల్లి" అంది యుమ్నా.

నాలుగో జుమాగీలో సీసా పోయి ఇటుక వచ్చింది. లెక్క ముప్పై దాటింది. ఫర్దీన్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి ఎలాగో నెగ్గి, ఆయాసపడుతూనే, "కడియం తుడిచి పెట్టుండ్రి మామూ" అన్నాడు.

సాద్ అక్క మీద విరుచుకుపడ్డాడు. "అసలు నువ్వు ఎవరి దిక్కు?"

"ఎవరు గెలిస్తే వాళ్ల దిక్కు."

ఐదో జుమాగీ నాడు గదిలో కాలు పెట్టే సందు లేదు. సత్తమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. మామా అల్లుళ్లు మోచేతులు ఆనించారు. సాద్ లెక్క మొదలుపెట్టగానే, ఎవరూ చెప్పకుండానే హఫీజా రోలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది.

టక్. టక్. టక్.

ఫజలుద్దీన్ కళ్లు మూసుకున్నాడు. దెబ్బపడినప్పుడల్లా ఫర్దీన్ చేయి వెంట్రుకవాసి వెనక్కి జరుగుతోంది. అతను పళ్లు బిగించాడు. భుజం వాల్చాడు. కాలివేళ్లు నేలకు అదిమాడు. నలభై. యాభై. ఒక్కసారిగా అతని చేయి దబ్బున బల్లకు తాకింది. షర్బత్ గ్లాసు ఎగిరి సాద్ ఒళ్లో పడింది. ఇల్లు కేకలతో దద్దరిల్లింది.

ఫజలుద్దీన్ మాత్రం అల్లుడి చేయి వదల్లేదు.

"నిజం జెప్పు మియా. కావాల్నని ఇడిచిపెట్టినవా?"

"ఖుదా కసమ్ మామూ! పానం పెట్టి పట్టిన."

ఫజలుద్దీన్ కాసేపు అతని కళ్లలోకి చూశాడు. తర్వాత కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాడు. లేచి, కడియాన్ని తానే దించి తొడుక్కున్నాడు.

"ఇంకెవలన్న ఉన్నరా? రాండ్రి!"

బస్సులో ఫర్దీన్ కందిపోయిన తన చేతిని భార్య ఒళ్లో పెట్టాడు. మామ వేళ్లు పట్టిన చోటల్లా ఎర్రటి అచ్చులు. యుమ్నా ఒక్కొక్కటే తడిమి చూసింది. చివరి అచ్చు దగ్గర ఆగిపోయింది.

"ఫర్దీన్, చూడు, చిటికెన వేలు గూడ పట్టింది!"

"పట్టుడా? ఇరగ్గొట్టిండు! నాలుగు రోజులు నేను పెన్ను పట్టుడు కష్టమే" అన్నాడతను, చెవుల దాకా నవ్వుతూ.

ఆమె ఆ చేతిని చెంపకు ఆనించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

ఫజలుద్దీన్ కుడిచేయి పక్షవాతంతో పడిపోయి ఆ రోజుకు ఆరు నెలలు.