కాగితం తెచ్చినాయన

గేటు ముందు స్కూటర్ ఆగింది. రాధమ్మ చేతిలోని చీపురు కింద పెట్టలేదు.

"మళ్లొచ్చినవా? నీకు వేరే పని లేదా?"

"ఇదే నా పని పెద్దమ్మా," అన్నాడు నర్సింహులు.

నగరంలోని సంతాన దవాఖాన నుంచి అతను ఆలూరుకు రావడం ఇది రెండోసారి. సంచిలో అదే కాగితం.

మూడేళ్ల క్రితం ఆ దవాఖానలోనే రాధమ్మ కొడుకు శ్రీశైలానికి, కోడలు పూర్ణిమకు గాజు గిన్నెలో నాలుగు పిండాలు తయారయ్యాయి. ఒకటి రెండేళ్ల పాపై ఇప్పుడు వాకిట్లో బకెట్ నీళ్లు ఒలకబోస్తోంది. మిగతా మూడు దవాఖాన చలిడబ్బాలో గడ్డకట్టి ఉన్నాయి.

రెండో కాన్పు పూర్ణిమ గుండెకు మంచిది కాదని డాక్టరమ్మ చెప్పింది. పిండాలు దాచే గడువు నెలాఖరుకు అయిపోతుంది.

కాగితం మీద మూడు గళ్లు. పిల్లలు లేని ఇంకో జంటకు ఇవ్వాలి. లేదా పరిశోధనకు ఇవ్వాలి. లేదా తీసేయమనాలి.

అది వచ్చిన నాటి నుంచి పూర్ణిమకు అన్నం సయించడం లేదు. దీపం ముందు కూర్చుంటే స్తోత్రం సగంలో ఆగిపోతోంది.

"చిల్కూరు గుడిల నూటెనిమిది చుట్లు తిరిగి మొక్కు తీర్చుకున్న గద," అంది ఓ రాత్రి భర్తతో. "దేవుడు నాకు ఒక్కరిని ఇచ్చిండా, నలుగురిని ఇచ్చిండా?"

శ్రీశైలం మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. బండిలో విన్నదే ఇంట్లో చెప్తాడు. ఇవాళ కూడా వాకిట్లోకి వచ్చి అదే మొదలుపెట్టాడు.

"వెనక సీట్ల పోరగాళ్లు మాట్లాడుకుంటుంటే విన్న. వాటితోని కొత్త గుండెలు, తెగిన నరాలు అన్నీ చేస్తరట."

"చేసుకోనియ్. మన పిల్లలే దొరికిన్రా?" అంది రాధమ్మ. "ఈయన ప్లాట్ల బ్రోకర్ లెక్కనే ఉన్నడు. ఒక్క సంతకమే అంటడు, ఇల్లంత ఊడ్చుకపోతడు."

నర్సింహులు నవ్వి అరుగు అంచున కూర్చున్నాడు.

పూర్ణిమ వచ్చి ఎదురుగా నిలబడింది. "అన్నా, నిజం చెప్పు. వాటికి ప్రాణం ఉన్నదా?"

"ఐదు రోజుల పిండాలు చెల్లె. ఆవగింజ కంటే చాన చిన్నయి. ఏది చెయ్యి, ఏది కాలు అని ఇంకా తేలలే. అందుకే ఆ కణాలను పెంచితే ఏ భాగమన్న చేయొచ్చని ఆశ. ప్రాణం సంగతి మైక్రోస్కోపుల కనబడదు."

"కణాలు తీస్తే పిండం బతుకుతదా?"

"బతకదు."

"ఎవరికన్న నయమైందా?"

"ఇంకా కాలే."

"నువ్వైతే ఏ గడిల టిక్కు పెడ్తవు?"

"నన్ను అడగొద్దు చెల్లె. అది చెప్పే హక్కు నాకు లేదు."

"సూడు, ఎంత తెలివిగ తప్పించుకుంటుండో!" అంది రాధమ్మ.

పూర్ణిమ మూడో గడి మీద వేలు పెట్టింది. "తీసేసుడంటే ఏం చేస్తరు?"

"దవాఖాన చెత్తతోని కలిపి కాల్చేస్తరు."

రాధమ్మ చీపురు విసిరేసింది. "పసిబిడ్డలను కాలుస్తరా ఎక్కడన్న? మా ఇండ్లల్ల మట్టికే ఇస్తం. తెచ్చియ్, మా చెలకల పెట్టుకుంటం."

"బయటికి తెస్తే ఇంక దేనికీ పనికి రావు. అది తెలిసే అంటున్నరా?"

"తెలిసే అంటున్న," అంది పూర్ణిమ.

కాగితం కింద ఆ మాటే రాసి సంతకం పెట్టింది, భర్తతోనూ పెట్టించింది. నర్సింహులు దాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

దవాఖానలో ఒప్పించి, గురువారం పొద్దున మూత బిగించిన డబ్బాతో వచ్చాడు. లోపల పిండాలున్న మూడు గొట్టాలు, అగ్గిపుల్లలంత సన్నగా.

ఊరి బయట వాళ్ల చెలకలో, చేను గట్టు పక్కన శ్రీశైలం గడ్డపార ఎత్తాడు. నేల మీదికి దించలేక పక్కన పెట్టేశాడు. నర్సింహులు దాన్ని అందుకుని తానే గుంత తవ్వాడు.

పూర్ణిమ గొట్టాలను పసుపు గుడ్డలో చుట్టి లోపల పెట్టింది. రాధమ్మ పాలు పోసింది. కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప పరిచింది కూడా నర్సింహులే.

"గుంత తవ్వినోడివి. బోరు కాడ స్నానం చేయకుంట ఇంట్లకు రాకు," అంది రాధమ్మ.

అతను కాళ్లు చేతులు కడుక్కుని, ఇంట్లోకి రాకుండానే స్కూటర్ ఎక్కాడు.

ఆ పూట పూర్ణిమ కడుపునిండా తిన్నది. మర్నాటి నుంచి ఇంకో గుబులు మొదలైంది. కన్నతండ్రి చేయలేని పని పరాయి మనిషి చేస్తే, ఒక్క ముద్ద కూడా పెట్టకుండా పంపించారు.

ఆదివారం పరమాన్నం వండింది. దవాఖానకు ఫోన్ చేసి నర్సింహులు అడ్రస్ కనుక్కుని, గిన్నె పట్టుకుని ఆటో ఎక్కింది.

మొయినాబాద్‌లో అతనిది ఒక గది కిరాయి ఇల్లు. తలుపు తెరిచే ఉంది. మంచం మీద పన్నెండేళ్ల పిల్ల దుప్పటి కప్పుకుని పుస్తకం చదువుతోంది.

"బాపు దుకాణం పోయిండు. నేను పూజితను," అంది అతని కూతురు, పడుకున్న చోటి నుంచే. "మీరు ఆలూరు పూర్ణిమక్కనా?"

"నీకెట్ల ఎరుక?"

"మీరు పరిశోధన గడిల టిక్కు పెట్టాలె అని బాపు రోజూ దేవునికి మొక్కిండు."

పూర్ణిమ గడప దగ్గరే ఆగిపోయింది. "మరి నేను అడిగినప్పుడు ఒక్క మాటన్న అనలేదు?"

"అంటే నన్ను చూసి జాలితోని సంతకం పెడ్తరట. అట్ల పెట్టించుకునుడు పాపమట."

"నిన్ను చూసి జాలెందుకు బిడ్డా?"

"కూసో అక్కా," అంటూ పూజిత దుప్పటి తీసి, కదలని తన రెండు కాళ్లను ఒక్కొక్కటిగా చేతులతో ఎత్తి పక్కకు జరిపి, ఆమెకు మంచం మీద చోటు చేసింది.