రెండో స్విచ్చి

బొమ్మ తుపాకీ పిడికి ఆఖరి స్క్రూ బిగించి, ఆమె దాన్ని భర్త చేతికిచ్చింది.

"ట్రిగ్గర్ నొక్కితే పచ్చ లైటు. అది బొమ్మల కొట్టుకి వచ్చే పిల్లల కోసం. బొటనవేలి కింద ఇంకో స్విచ్చి పెట్టాను, అది ఎర్ర లైటు. నా కోసం."

"తుపాకీ నాకిచ్చి, గురి నీ మీద పెట్టించుకుంటున్నావా?"

"వేళాకోళం చాలు. ఆ వేషంలో ఊపిరాడకపోతే నొక్కు. బిల్లింగ్ కౌంటర్లోంచి నాకు కనబడుతుంది. నిన్నటిలా కళ్లు తిరిగి పడేదాకా మొండిగా నిలబడకు."

అతను అంతరిక్ష సైనికుడి వేషంలోకి దూరాడు. తలకు ముసుగు తొడిగి, వీపు మీద జిప్పు ఆమే లాగింది. లోపలున్న మనిషికి అది అందదు. ఆ వేషంలో నోరు మెదపకూడదని బొమ్మల కొట్టు యజమాని షరతు.

గంట గడిచిందో లేదో, గుమ్మం దగ్గర ఎర్రగా వెలిగింది.

బిల్లు సగంలో వదిలేసి ఆమె లేచింది. యజమాని నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఎర్ర లైటు నీ పనేగా అమ్మా! పిల్లలు ఎగబడుతున్నారు. ఇకనుంచి రోజంతా అదే వెలిగించమను."

"ఆయనకి ఊపిరాడట్లేదు సార్!" అంటూనే ఆమె పరిగెత్తింది.

గుమ్మం నిండా పిల్లలు. తుపాకీ గబగబా వెలిగి ఆరుతోంది. వెలిగినప్పుడల్లా చప్పట్లు.

ఆమె సందు చేసుకుని ముందుకు వెళ్లబోతే, ఓ పాప కొంగు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆంటీ, లైన్లో రండి! మేం ముందొచ్చాం."